రాలకుండా, పగలకుండా ఇసుక బొమ్మ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

అక్రిలిక్ రంగుల్లో ఇసుక కలిపి ఇంట్లో వేసుకునే టెక్స్చర్ పెయింటింగుల గురించి ఈమధ్య వచ్చిన ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చాం. పైకి ఇబ్బందులు వేరువేరుగా కనిపిస్తున్నా చాలావాటి మూలం ఒకటే. రంగు మీద పెట్టినంత శ్రద్ధ ఇసుక మీద, జిగురు మీద పెట్టడం లేదు. అందుకే మొదటి జవాబు పొడుగైంది. మిగతా జవాబులకు అదే ఆధారం.

ప్ర: అక్రిలిక్ రంగుల ట్యూబులు కొన్నాను. ఇసుక ఎంత, రంగు ఎంత కలపాలి? కాన్వాస్ మీద వేయాలా, చెక్క మీదా? మొదటినుంచీ చెప్పండి. (రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకురాలు)

జ: మొదటి బొమ్మకు కాన్వాస్ వద్దు. 12కి 16 అంగుళాల ఎండీఎఫ్ బోర్డు (చెక్క నారను జిగురుతో అదిమి చేసే పలక), 6 మిల్లీమీటర్ల మందంది తీసుకోండి. చట్రానికి బిగించిన కాన్వాస్‌ను వేలితో నొక్కితే లోపలికి వంగుతుంది, దాని మీది ఇసుక పొర వంగదు. బీట పడేది అక్కడే. బోర్డుకు ముందూ వెనకా, అంచులకూ జెస్సో (రంగుకు ముందు అడుగున వేసే తెల్లటి ప్రైమర్) రెండు పూతలు వేయండి. వెనక వదిలేస్తే ఒకవైపే తడి పీల్చి బోర్డు విల్లులా వంగుతుంది. జెస్సో దొరక్కపోతే నీళ్లతో పలచన చేసే గోడ ప్రైమర్ సరిపోతుంది. టర్పెంటైన్‌తో పలచన చేసే ప్రైమర్ మాత్రం వాడకండి. దాని మీద అక్రిలిక్ గట్టిగా పట్టదు, పొరలుగా లేస్తుంది.

ఇక ఇసుక. పావు బకెట్ నది ఇసుకలో నిండా నీళ్లు పోసి చేత్తో బాగా కలిపి, పది లెక్కపెట్టి, పైనున్న బురద నీళ్లు వంచేయండి. నీళ్లు తేటగా వచ్చేదాకా ఇలాగే చేయాలి, ఐదారుసార్లు పడుతుంది. ఒండ్రు మిగిలితే అది రేణువును బట్టలా చుట్టేస్తుంది. జిగురు అప్పుడు ఒండ్రుకే పడుతుంది తప్ప రేణువుకు పట్టదు. కడిగిన ఇసుకను టార్పాలిన్ మీద పలచగా పరిచి రెండు రోజులు ఎండబెట్టండి. ఎండిందో లేదో తెలియాలంటే గుప్పెడు ఇసుక పాలిథిన్ సంచిలో వేసి, మూతి కట్టి, పది నిమిషాలు ఎండలో ఉంచండి. లోపల ఆవిరి చుక్కలు కనిపిస్తే ఇంకా తడి ఉన్నట్టే. ఎండాక టీ వడకట్టే జాలీలో జల్లిస్తే పైన ముతక, కింద సన్నం వేరవుతాయి. రెండూ పనికొస్తాయి, వేరు డబ్బాల్లో దాచండి.

జిగురు ఎంత పోయాలన్నది చాలామంది ఊహ మీద వదిలేస్తారు. మీ ఇసుకే చెబుతుంది, అడగండి. 200 మిల్లీలీటర్ల గ్లాసును ఎండిన ఇసుకతో నింపి, కొలపాత్రలోంచి నీళ్లు మెల్లగా పోస్తూ పోండి. నీళ్లు ఇసుక పైకి తేలగానే ఆపి, ఎన్ని పట్టాయో చూడండి. మామూలుగా 80 మిల్లీలీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. అంటే గ్లాసులో ఐదింట రెండు వంతులు రేణువుల మధ్య ఖాళీయే. ఆ ఖాళీ నిండేంత జిగురైనా లేకపోతే బొమ్మ రాలుతుంది. పాలెట్ కత్తితో (రంగులు పరిచే మొద్దు కత్తి) పరిచే వీలు కూడా ఉండాలి కాబట్టి బోర్డు మీదికైతే గ్లాసు ఇసుకకు 100 నుంచి 120 మిల్లీలీటర్ల జిగురు, కాన్వాస్ మీద తప్పక వేయాలనుకుంటే గ్లాసుకు గ్లాసు కలపండి. పరీక్షకు వాడిన ఇసుకను మళ్లీ ఎండబెట్టాకే వాడాలి. ఇంకో మాట: గ్లాసు ఇసుకలో అరగ్లాసు జిగురు పోస్తే గ్లాసున్నర ముద్ద రాదు. జిగురు చాలావరకు ఖాళీల్లోకి పోతుంది కాబట్టి గ్లాసు మీద కొంచెమే ఎక్కువ వస్తుంది. మీ బోర్డు అంతటా 2 మిల్లీమీటర్ల మందం పరచడానికి దాదాపు 240 మిల్లీలీటర్ల ముద్ద కావాలి. మూడింట రెండు వంతులే గరుకుగా ఉంచితే గ్లాసు ఇసుకతో చేసిన ముద్దలో కొంత మిగులుతుంది కూడా.

జిగురు అంటే అక్రిలిక్ జెల్ మీడియం (రంగు కలపని చిక్కటి అక్రిలిక్) అన్నిటికంటే మేలు. ఖర్చు ఎక్కువనుకుంటే చెక్కపనికి వాడే ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు ఇంట్లో గోడకు తగిలించే బొమ్మకు పనికొస్తుంది. అయితే అది తడి తగిలితే మెత్తబడుతుంది, ఏళ్లు గడిస్తే పసుపెక్కుతుంది. వరండాలో, స్నానాల గది పక్క గోడకు పెట్టే బొమ్మకు వద్దు. ట్యూబులోని రంగునే జిగురుగా వాడితే రంగంతా ఇసుక తాగేస్తుంది, డబ్బు దండగ. మీడియంలో రెండు చెంచాల ముదురు రంగు కలిపితే చాలు, రేపు ఎక్కడైనా పెచ్చు ఊడినా లోపల తెల్లగా కనబడదు.

జిగురులో ఇసుకను కొద్దికొద్దిగా వేస్తూ కలపండి. ఇసుకలో జిగురు పోస్తే అడుగున పొడి ఉండలు మిగిలిపోతాయి. నీళ్లు చుక్క కూడా వద్దు. ముద్ద గారెల పిండిలా కత్తి మీద నిలబడాలి. బోర్డు మీద ముందు ఉత్త మీడియం పలచగా పూసి, అది తడిగా ఉండగానే ముద్ద పరచండి. చేతిలో ఉండే సమయం పావుగంట, ఇరవై నిమిషాలు. మే నెలలో ఫ్యాను కింద కూర్చుంటే అదీ ఉండదు. దువ్వెన, ఫోర్కు, పాత ఏటీఎం కార్డు, ఏదైనా గీతలకు పనికొస్తుంది. అంచులకు టేపు వేసి ఉంటే ముద్ద తడిగా ఉండగానే లాగేయాలి. ఎండాక లాగితే అంచు పళ్లు పళ్లుగా ఊడుతుంది.

ప్ర: సముద్రం ఒడ్డు ఇసుకతో వేసిన బొమ్మ వేసవి అంతా బాగుంది. వానలు మొదలయ్యాక తెల్లటి పొడిలా పైకి వచ్చింది, ముట్టుకుంటే చెమ్మగా ఉంది. బూజా? (విశాఖపట్నం)

జ: బూజు కాకపోవచ్చు, ఉప్పు అయ్యుంటుంది. ఉప్పు గాలిలోని తేమను పీలుస్తుంది, కరిగి పైకి వస్తుంది, ఎండాక తెల్లగా మిగులుతుంది. బూజైతే నూలు పోగుల్లా ఉండి వాసన వేస్తుంది. ఇప్పుడు చేయగలిగింది, బాగా పొడిగా ఉన్న రోజు చూసి మెత్తటి కుంచెతో దులపడం. తడిగుడ్డతో తుడిస్తే ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది. పైన వార్నిష్ వేసి కప్పేద్దామనుకోకండి, ఉప్పు ఆ పొరను కిందినుంచి ఎత్తేస్తుంది. ఏటా ఇలాగే వస్తుంటే ఆ బొమ్మను మళ్లీ వేసుకోవడమే మంచిదని మా అభిప్రాయం.

ఈసారి ఇసుకను మంచినీళ్లలో రాత్రంతా నానబెట్టి, మర్నాడు నీళ్లు మార్చి మార్చి కడగండి. ఉప్పు పోయిందో లేదో చూడటానికి స్టీలు పళ్లెంలో ఒకపక్క ఆఖరిసారి కడిగిన నీటి చుక్క, ఇంకోపక్క మామూలు కుళాయి నీటి చుక్క వేసి ఎండనివ్వండి. రెండు మరకలూ ఒకేలా ఉంటే చాలు. ఇసుక చుక్క మరక ఎక్కువ తెల్లగా ఉంటే ఇంకా కడగాలి. మీ తీరం ఇసుకలో నల్లటి చారలు కూడా ఉంటాయి కదా, అవి ఇల్మనైట్ లాంటి బరువైన ఖనిజాలు. తెల్ల ఇసుక కంటే బాగా బరువు కాబట్టి పలచటి ముద్దలో అడుగుకు దిగిపోతాయి. ఆ మెరుపు పైన కనబడాలంటే ముద్దలో కలపకుండా, తడి పొర మీద చల్లి వేలితో నొక్కండి.

ప్ర: మా ఊళ్లో నది ఇసుక దొరకదు. రోబో ఇసుక వాడొచ్చా? (నల్గొండ)

జ: వాడొచ్చు. రాయి పగలగొట్టి చేసింది కాబట్టి రేణువులకు కోణాలుంటాయి, ఒకదానికొకటి బాగా చిక్కుకుంటాయి. రాతి పొడి మాత్రం ఎక్కువ, జిగురంతా తాగేస్తుంది. నది ఇసుక కంటే మరో మూడు నాలుగుసార్లు కడగండి. నీళ్లతో కొలిచే పరీక్ష దీనికి విడిగా చేయండి, పాత లెక్క పనికిరాదు.

ప్ర: బొమ్మ పూర్తయింది, కానీ చెయ్యి తగిలితే చాలు ఇసుక రాలుతోంది. కాపాడుకునే దారి ఉందా? (గుంటూరు)

జ: ముందు ఎలా రాలుతోందో చూడండి. వేలితో రాస్తే రేణువులు రేణువులుగా, వేలికి దుమ్ము అంటుతూ వస్తే జిగురు చాలలేదు. అలా కాకుండా బిళ్లలు బిళ్లలుగా ఊడి, కింద బోర్డు నున్నగా కనిపిస్తే తప్పు ఇసుకది కాదు, అడుగు పూతది.

మొదటి రకమైతే బోర్డును నిలబెట్టి వెనకనుంచి మెల్లగా తట్టి, ఊడేది ఊడనివ్వండి. మీడియం ఒక వంతు, నీళ్లు ఒక వంతు కలిపి, మెత్తటి కుంచెతో అద్దుతూ తడపండి. రాయకూడదు. గుంటల్లో నిలిచిన దాన్ని పొడి కుంచెతో పీల్చేయండి. ఆరు గంటలాగి ఇంకోసారి. తెల్ల జిగురుకూ అక్రిలిక్ మీడియానికీ బరువులో దాదాపు సగం నీరే ఉంటుంది. ఎండేసరికి ఆ నీరు పోయి రేణువుల మధ్య మళ్లీ ఖాళీలు తెరుచుకుంటాయి. అందుకే సరిగ్గా కలిపిన బొమ్మకైనా రంగు వేయబోయే ముందు ఈ పలచటి పూత ఒకటి వేయడం మంచిది.

రెండో రకమైతే అతుకులు వేసి లాభం లేదు. ఊడిన భాగం గీకేసి, 120 నంబరు గరుకు కాగితంతో బోర్డును గీతలు పడేలా రుద్ది, తుడిచి, ప్రైమర్ వేసి మళ్లీ పరచండి.

ప్ర: మర్నాటికల్లా ఎండిన చెరువులా నెర్రెలు విచ్చింది. ఇసుక మందంగా ఉంటే అందమని అర అంగుళం పరిచాను. (హైదరాబాద్)

జ: అర అంగుళం చాలా ఎక్కువ. పైపొర గంటలో గట్టిపడుతుంది, లోపలిది రోజుల తరబడి పచ్చిగా ఉంటుంది. ఆ లోపలిది నీరు కోల్పోతూ కుంచించుకుపోయి, గట్టిపడిన పైపొరను లాగి చింపేస్తుంది. ఫ్యాను పెడితే ఇంకా త్వరగా. ఒక పూతకు 3 మిల్లీమీటర్లు మించకండి, పూతకూ పూతకూ మధ్య వేసవిలో ఒక రోజు, వానాకాలంలో రెండు రోజులు ఆగండి. బాగా ఎత్తు కావలసిన చోట ఇసుక కంటే ముందు అట్టముక్క, జనపనార గుడ్డ లాంటిది అతికించి దాని మీద పలచగా ఇసుక వేస్తే బరువూ తగ్గుతుంది.

ఉన్న బొమ్మను పారేయకండి. పగుళ్ల అంచులు పైకి లేవకపోతే సన్న ఇసుక ముద్ద నింపండి. అంచులు లేస్తే సూది తీసేసిన సిరంజితో పలచటి జిగురు కిందికి పంపి, పైన పాలిథిన్ వేసి ఓ రోజు పుస్తకాల బరువు పెట్టండి. వేసింది ఎండిన ఏరు, బీడు నేల అయితే ఆ నెర్రెలు ఉంచేసి, లోపల ముదురు రంగు దించితే చాలా బాగుంటుంది.

ప్ర: రంగులు మంచివే కొన్నాను. అయినా నా బొమ్మ సిమెంటు గోడకు రంగు వేసినట్టుంది. ఎర్రమట్టి దిబ్బల దృశ్యం వేస్తున్నాను. (నెల్లూరు)

జ: రంగు అంతటా సమంగా పడితే గరుకు కనబడదు. ఇసుక బొమ్మలో పని చేసేవి నీడా వెలుగూ. ఆ రెండింటినీ రంగుతో మీరు ఇంకొంచెం పెంచాలి. మూడు దఫాలుగా వేయండి.

మొదటిది గుంటల రంగు. బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగులో కొంచెం అల్ట్రామెరీన్ నీలం కలిపి, నాలుగో వంతు నీళ్లు పోసి పలచన చేయండి. వేసేముందు ఇసుక మీద నీళ్లు సన్నగా స్ప్రే చేస్తే రంగు గుంటల అడుగుదాకా దిగుతుంది. లేకపోతే అక్కడక్కడ తెల్లటి చుక్కలు మిగులుతాయి, తర్వాత ఎన్ని పూతలు వేసినా అవి పట్టి చూపుతూనే ఉంటాయి. గట్టి పంది వెంట్రుకల కుంచెతో పొడుస్తున్నట్టు వేయండి. ఈ పనికి ఖరీదైన మెత్తటి కుంచె వాడితే రెండు బొమ్మలకే అరిగిపోతుంది.

అది పూర్తిగా ఎండాక అసలు రంగు, దిబ్బలకైతే రెడ్ ఆక్సైడ్. దీన్లో నీళ్లు కలపకండి. కుంచెను పక్కకు వాల్చి పైపైన లాగితే గుంటల్లోని ముదురు అలాగే ఉండిపోతుంది. ఇక్కడ చాలామంది ఖాళీ కనబడిందని మళ్లీ పొడిచి నింపేస్తారు, బొమ్మ చచ్చేది అప్పుడే.

మూడోది వెలుగు. యెల్లో ఓకర్‌లో తెలుపు కలిపి, కుంచె కొసకు మాత్రమే అంటించి, పాత న్యూస్ పేపర్ మీద తుడవండి. కాగితం మీద గీత విరిగి విరిగి పడేదాకా తుడవాలి. ఆ పొడి కుంచెను రేణువుల తలల మీద తేలిగ్గా లాగండి. వెలుగు ఎడమనుంచి వస్తోందని అనుకుంటే ఎడమనుంచి కుడికి మాత్రమే లాగాలి, వెనక్కి తేకూడదు. అప్పుడు ప్రతి రేణువుకూ ఒక పక్క వెలుగు, ఇంకో పక్క నీడ వస్తాయి. దిబ్బల్లో వాన కోసిన వాగుల అంచులు ఈ ఒక్క దఫాతోనే లేచి నిలబడతాయి. అక్రిలిక్ ఎండితే కొంచెం ముదురు తిరుగుతుంది కాబట్టి వెలుగు రంగును అనుకున్నదాని కంటే ఒక మెట్టు తెల్లగా కలుపుకోండి.

ఆకాశంలో మాత్రం ఇసుక వేయకండి. పైన నున్నగా ఉంటేనే కింద గరుకు తెలుస్తుంది.

ప్ర: అదే ఎర్రమట్టి దిబ్బల నుంచి కాస్త మట్టి తెచ్చి వాడితే సహజంగా ఉంటుంది కదా? (విజయనగరం)

జ: తేవద్దు. విశాఖపట్నానికీ భీమునిపట్నానికీ మధ్యనున్న ఆ దిబ్బలు భూగర్భ వారసత్వ సంపద. అందరూ డబ్బాడేసి తీసుకెళ్తే చూడటానికి ఏమీ మిగలదు. పనికి కూడా అది అనుకూలం కాదు. ఆ ఎరుపు రేణువుల మీద పట్టిన ఇనుప ఆక్సైడ్, దానితోపాటు బంకమట్టి. కడిగితే రంగు నీళ్లలో పోతుంది, కడగకపోతే జిగురు పట్టదు. ట్యూబులోని రెడ్ ఆక్సైడ్ కూడా ఇనుప ఆక్సైడే, అదే ఎరుపు మీకు దొరుకుతుంది.

ప్ర: ఇసుక బదులు ముగ్గు రంగులు, ముగ్గుపిండి వాడొచ్చా? సంక్రాంతివి చాలా మిగిలాయి. (తెనాలి)

జ: రంగులు వద్దు. వాటిలో చాలావాటికి వేసేది నీళ్లలో కరిగే చాయ. ఒక చెంచా గ్లాసు నీళ్లలో వేసి చూడండి. నీళ్లు రంగు మారితే ఆ చాయ మీ తెలుపులోకీ పసుపులోకీ పాకుతుంది, ఎండకు వెలిసిపోతుంది కూడా. తెల్లటి రాతి ముగ్గుపిండి మాత్రం మంచి సరుకు. మెత్తగా జల్లించి, రెండు వంతుల పిండికి ఒక వంతు మీడియం చొప్పున మొదలుపెట్టి, వెన్నలా అయ్యేదాకా సర్దుకుంటే పువ్వుల రేకులు, అలల నురగ కత్తితో లాగడానికి చక్కగా ఉంటుంది. దుకాణాల్లో అమ్మే మోడలింగ్ పేస్టులో ఉండేదీ పాలరాతి పొడే. బియ్యప్పిండి ముగ్గు అయితే వద్దు, చీమలు, పురుగులు, బూజు అన్నీ వస్తాయి.

గోడ పుట్టీ గురించి ఇద్దరు ముగ్గురు అడిగారు. తెల్ల సిమెంటుతో చేసే పొడి పుట్టీ పెళుసు, కాన్వాస్ మీద నిలవదు. పైగా దాని క్షారానికి ప్రష్యన్ బ్లూ లాంటి రంగులు పాడవుతాయి. బకెట్లో ముద్దగా వచ్చే అక్రిలిక్ పుట్టీ బోర్డు మీద పలచగా వేయొచ్చు.

ప్ర: మ్యాట్ వార్నిష్ వేశాక గుంటల్లో పాలు ఒలికినట్టు తెల్లగా ఉండిపోయింది. (ఖమ్మం)

జ: మ్యాట్ వార్నిష్‌లో మెరుపు తగ్గించే తెల్లటి పొడి ఉంటుంది. గుంటల్లో వార్నిష్ నిలిచినచోట ఆ పొడి పేరుకుని కనబడుతుంది. వేసి ఒకటి రెండు రోజులే అయితే తడి వల్ల కూడా కావచ్చు. హెయిర్ డ్రయర్‌ను తక్కువ వేడిలో అడుగు దూరంనుంచి తిప్పి చూడండి. వారమైనా పోకపోతే అది పొడే. గుంటల రంగునే మళ్లీ పలచగా కలిపి సన్నటి కుంచెతో అక్కడ దించండి, పైన గ్లాసీ (మెరిసే) వార్నిష్ పలచగా ఒక్క పూత వేయండి. ఈసారి ముందు గ్లాసీ ఒక పూత, దాని మీద మ్యాట్ ఒకే ఒక్క పూత, అదీ స్ప్రే అయితే మంచిది. రంగులు పూర్తయ్యాక వానాకాలంలో రెండు వారాలైనా ఆగి వార్నిష్ వేయండి. వానపడే రోజు మాత్రం ఆ పని పెట్టుకోవద్దు.

ప్ర: డిసెంబరులో గరాజ్‌లో వేసిన బొమ్మ ఎండాక సుద్దలా పొడి రాలుతోంది. కొలతలన్నీ సరిగ్గానే పాటించాను. (న్యూజెర్సీ)

జ: కొలతలు సరే, చలి ఎక్కువైంది. అక్రిలిక్‌లో ప్లాస్టిక్ కణాలు నీళ్లలో విడివిడిగా తేలుతుంటాయి. నీరు ఎగిరిపోయేటప్పుడు అవి మెత్తబడి ఒకదానిలో ఒకటి కలిసి పొర కడతాయి. దాదాపు 10 డిగ్రీల సెల్సియస్ కంటే చలిగా ఉంటే సరిగ్గా కలవవు, నీరు పోయాక పొడిగానే మిగులుతాయి. తర్వాత ఇంట్లోకి తెచ్చి వెచ్చబెట్టినా పూర్తిగా కలవవు. గీకేసి, ఇంటి లోపల 18 డిగ్రీల పైన వేయండి. బోర్డు, ఇసుక, మీడియం మూడింటినీ ముందురోజే లోపలికి తెచ్చి ఉంచండి. అక్కడ పిల్లల ఆటలకని సంచుల్లో అమ్మే ఇసుక కడిగి వస్తుంది, దాన్ని ఎండబెట్టి జల్లిస్తే చాలు.

ప్ర: ఎనిమిదేళ్ల మా అబ్బాయి పక్కన కూర్చుంటానంటున్నాడు. ప్రమాదమేమైనా ఉందా? (తిరుపతి)

జ: తడి ముద్దతో భయం లేదు. పొడి ఇసుకను జల్లించేటప్పుడు, ఎండిన బొమ్మను గరుకు కాగితంతో రుద్దేటప్పుడు లేచే సన్నటి సిలికా దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. ఆ రెండు పనులూ బాబు లేనప్పుడు, ఆరుబయట, ఎన్95 మాస్కు పెట్టుకుని చేయండి. నేల మీది ఇసుకను చీపురుతో ఊడవకండి, తడిగుడ్డతో తుడవండి. చేతులు, కత్తులు సింకులో కడగవద్దు. ఇసుకా అక్రిలిక్కూ పైపు వంపులో కలిసి రాయిలా బిగుసుకుంటాయి. బకెట్లో కడిగి, రాత్రి తేరనిచ్చి, మడ్డిని కాగితంలో చుట్టి చెత్తలో వేయండి.

ప్ర: ఇదంతా చేతిపనే కానీ చిత్రకళ కాదని మా ఇంట్లో అంటున్నారు. (వరంగల్)

జ: ఫ్రాన్సులో చిత్రకారుడు జార్జ్ బ్రాక్ 1912లోనే రంగులో ఇసుక కలిపి క్యూబిస్టు చిత్రాలు (వస్తువులను కోణాల ముక్కలుగా చూపేవి) వేశాడు. పికాసో కూడా ఆ దారి పట్టాడు. అక్కడి మరో చిత్రకారుడు ఆంద్రే మాసన్ 1926లో కాన్వాస్ మీద జిగురు ఒలికించి, ఇసుక చల్లి, అంటినది ఉంచి మిగతాది దులిపి, ఏర్పడిన ఆకారాల చుట్టూ బొమ్మ కట్టాడు. ఇసుక చిత్రకళలోకి వచ్చి వందేళ్లు దాటింది. మీరు నిశ్చింతగా వేయండి.

ప్ర: 18కి 24 అంగుళాల బొమ్మ వేశాను. మామూలు మేకుకు ఆగుతుందా? (కడప)

జ: 6 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ బోర్డే కిలోంపావు ఉంటుంది. దాని మీద 2 మిల్లీమీటర్ల ఇసుక పొర ఇంకో కిలో. చుట్టూ ఫ్రేము కూడా కడితే మూడు కిలోలు దాటొచ్చు. గోడకు డ్రిల్ వేసి, ప్లాస్టిక్ వాల్ ప్లగ్ దింపి, రెండు స్క్రూలు బిగించండి. బోర్డుకు నేరుగా కొక్కెం బిగిస్తే అంత పలచటి ఎండీఎఫ్‌లో స్క్రూ నిలవదు. అంగుళం వెడల్పు చెక్క బద్దను వెనక పైభాగాన అడ్డంగా అతికించి, దానికి రింగులు బిగించాలి. బద్ద అతికించడం బొమ్మ వేయకముందే అయితే తేలిక. ఇప్పుడైతే మెత్తటి దుప్పటి మడతలు పరిచి, దాని మీద బొమ్మను బోర్లా పెట్టి అతికించండి, పైన బరువు పెట్టకుండా చేత్తోనే పది నిమిషాలు అదిమి ఉంచండి. గోడ ఎంచుకునేటప్పుడు కిటికీ పక్కనున్నది చూడండి. వెలుగు పక్కనుంచి పడితే గరుకు బాగా కనిపిస్తుంది. ఎదురుగా ట్యూబ్‌లైట్ ఉంటే మీ పనంతా చదునుగా కనబడుతుంది.